అండమాన్‌కి ఏ లెన్సులు తీసుకుపోవాలి? 18-55, 55-250 ఉండాయి, మూడోది కొనాలా?

పెన్నా గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. సంక్రాంతి అయ్యాక ఆరు రోజులు అండమాన్ పోతా ఉన్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. చెన్నై నుంచి విమానం. పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్ దీవిలో రెండు, నీల్ దీవిలో ఒకటి.

కెమెరా కెనాన్ 200డి. దాంతోపాటు వచ్చిన 18-55 ఎస్‌టీఎమ్ (స్టెప్పింగ్ మోటారుతో ఫోకస్ చేసే రకం), తర్వాత కొన్న 55-250 ఎస్‌టీఎమ్ ఉండాయి. ఈ అంకెలు ఎమ్ఎమ్‌లో, చిన్నదైతే వెడల్పుగా వస్తది, పెద్దదైతే దూరానివి దగ్గరగా వస్తాయి. బడిలో పాఠాలు చెప్పుకునే దాన్ని, ఫొటోలంటే ప్రాణం. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర, ఆదివారాలు తెల్లారుజామున మైపాడులో తీస్తా ఉంటాను.

మా అమ్మది కృష్ణపట్నం పక్కన పల్లె. పుట్టినప్పట్నుంచీ సముద్రం చూస్తానే ఉంది గానీ నీలంగా ఉండే సముద్రం చూళ్లేదు. మన దగ్గర నీళ్లు మట్టిరంగే కదా. టీవీలో అండమాన్ వచ్చినప్పుడల్లా "నిజంగా అట్టాగే ఉంటాదా, వీళ్లు రంగేస్తారా" అని అడుగుతుంది. ఆ నీళ్ల ముందు అమ్మని నిలబెట్టి ఒక్క మంచి ఫొటో తియ్యాలి. మిగతావి ఎట్టా వచ్చినా ఫర్లేదు.

చేతిలో పదిహేను వేలున్నాయి. 10-18 వైడ్ సెకండ్ హ్యాండ్‌లో కొనాలా, 50 ఎమ్ఎమ్ ఎఫ్/1.8 (ఎఫ్ అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ వస్తది) కొనాలా, రెండూ తీసేసి ఒక్క 18-135 పెట్టుకోవాలా అని రోజూ తిరిగిందే తిరుగుతున్నాను. అద్దెకు తెచ్చుకోమని మాత్రం చెప్పకండి. పోయినేడు తిరుపతి పోయేటప్పుడు ఒక షాపులో అద్దెకు తెచ్చిన లెన్సు లోపల సాలెగూడు మాదిరి బూజు ఉండింది. ఎదురెండలో తీసిన ప్రతి ఫొటో పాలు పోసినట్టు తెల్లగా వచ్చింది. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే గానీ నాకు తెలియలేదు.

కొత్తపట్నం కెరటం (ఒంగోలు)

అక్కా, నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. ప్రీ వెడ్డింగ్ అంటే మా ఊళ్లో సగం కొత్తపట్నం బీచ్‌లోనే. ఏ లెన్సు కొనాలో తర్వాత. ముందు ఇది వినండి: ఇసకలో లెన్సు మార్చొద్దు.

రెండేళ్ల కింద సాయంత్రం గాలికి వెనక్కి తిరిగి నిలబడి, బ్యాగు అడ్డం పెట్టుకుని, పది సెకన్లలో లెన్సు మార్చాను. అంత జాగ్రత్త పడినా మర్నాడు జూమ్ తిప్పితే కరకరమంది. తిరగలిలో రాయి పడితే ఎట్టా ఉంటదో అట్టా. కెమెరాతో వచ్చే మన కిట్ జూములు తిప్పినప్పుడల్లా ముందు గొట్టం బయటికి వస్తది, లోపలికి పోతది. పోయేటప్పుడు ఆ గొట్టం మీద అంటిన ఇసకని కూడా లోపలికి తీసుకుపోద్ది. సర్వీసుకిస్తే విప్పి శుభ్రం చేసినందుకే లెన్సు ధరలో మూడో వంతు అయింది.

అందుకని గదిలోనే తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఈ పూట ఏది కావాలో అది పెట్టుకుని బయటికి పోవాలి. పూటకి ఒక్కటే. అట్టా చూసుకుంటే మీ 18-135 ఆలోచన తప్పేం కాదు, మార్చే పని ఉండదు. కాకపోతే 480 గ్రాములు. 18-55 ముందు అది మెడకి బాగా తెలుస్తది.

ఉదయగిరి కోట

10-18 కొనండి మేడం, వేరే ఆలోచనే వద్దు. 240 గ్రాములే, బరువు అనిపించదు. మన చిన్న సెన్సరు బాడీల (కెమెరాల) మీద 18 ఎమ్ఎమ్ అంటే పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 29. 10 అంటే 16. ఆ తేడా కాగితం మీద చిన్నదే, సెల్యులార్ జైల్లో నిలబడితే తెలుస్తుంది. 1906కి ఏడు రెక్కలుగా పూర్తయిన కట్టడం అది, ఇప్పుడు మూడే మిగిలినాయి. ఆ వరండా మొదట్లో నిలబడితే ఊచల తలుపులు ఒకదాని వెనక ఒకటి చివరి దాకా పోతా ఉంటాయి. గది లోపల వెనక్కి జరగడానికి చోటుండదు. పైనున్న కిటికీ, కింద నేల రెండూ ఒక్క ఫొటోలో రావాలంటే 18తో కాదు. మన మన్యం పోరాటంలో అల్లూరితో నడిచిన గాం మల్లుదొరని శిక్షకి పంపింది అండమానుకే. పిల్లలకి అది చెప్తా చూపించండి, ఊరికే సెల్ఫీలు తీసుకుని రావద్దు.

నీల్‌లో రాతి వంతెన ఉంది, సహజంగా ఏర్పడింది. దాని కింద నిలబడి తీయడానికీ 10-18 కావాలి. ఆటు సమయంలోనే అక్కడికి నడవగలరు. పాచి పట్టిన రాళ్లు, అమ్మగారితో జాగ్రత్త.

మైపాడు అల (నెల్లూరు)

నేను పోయిన ఫిబ్రవరిలో పోయొచ్చాను. నా దగ్గరా కెనానే, 10-18 తీసుకునే పోయాను. కోట గారు చెప్పిన జైలు సంగతి నిజమే, అక్కడ దాన్ని మించింది లేదు. కానీ అక్కా, నువ్వు అడిగింది జైలు గురించి కాదు కదా, అమ్మ గురించి.

రాధానగర్ బీచ్‌లో 10 దగ్గర మా నాన్నని పెట్టి తీశాను. ఫ్రేము అంచున నిలబడ్డాడు. తల ఒకవైపుకి సాగిపోయింది, భుజం ఇంకోవైపు. మధ్యలో నిలబెట్టి తీస్తే మనిషి చీమంత, సముద్రం గీతంత. వైడ్ పెట్టే కొద్దీ వెనకున్నవి దూరం పోతాయి. మనకి పెద్దగా కనపడ్డ కొండ కూడా ఫొటోలో మట్టిగడ్డ అయిపోద్ది. మనిషికి మరీ దగ్గరికి పోతే ముక్కు ముందుకొస్తది. నాన్న ఆ ఫొటో చూసి "ఇదెవర్రా" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది.

నా మాట వింటే 24 ఎమ్ఎమ్ ఎఫ్/2.8 పాన్‌కేక్ కొను. 125 గ్రాములు, పూరీ అంత మందం. మన బాడీ మీద 38కి సమానం. మనిషి నడుం దాకా వస్తాడు, వెనక సముద్రం సముద్రంలాగే ఉంటది. జూమ్ లేదు కాబట్టి కెరటం అన్న చెప్పిన గొట్టం బాధా లేదు.

ఇంకొక సంగతి, ఇది లెన్సు కంటే ముఖ్యం. మనకి ఫొటోలంటే తెల్లారుజాము, సాయంత్రం అని నేర్పారు. అక్కడ నీలం కావాలంటే పది నుంచి రెండు మధ్య తియ్యాలి. సూర్యుడు నెత్తి మీదికి వస్తే వెలుగు నీళ్లలో కిందికి దిగి తెల్ల ఇసకకి తగిలి వెనక్కి వస్తది. ఆ పచ్చనీలం అప్పుడే. నీల్‌లో భరత్‌పూర్ బీచ్ పదకొండుకి చూస్తే నమ్మలేవు. అదే చోటు సాయంత్రం పోతే మన మైపాడు కంటే కొంచెం శుభ్రం, అంతే.

సాయంత్రం కూడా తొందరగా అయిపోద్ది. మన టైమే వాడతారు గానీ వాళ్లు మనకంటే దాదాపు పదమూడు డిగ్రీలు తూర్పున ఉన్నారు. డిగ్రీకి నాలుగు నిమిషాలు. నెల్లూరులో జనవరిలో ఆరింటికి దిగే సూర్యుడు అక్కడ ఐదుంబావుకో, ఇంకో ఐదు నిమిషాలకో దిగిపోతాడు. మేము టీ తాగి తీరిగ్గా ఐదింటికి రాధానగర్ బయల్దేరాం. పోయేసరికి జనం తిరిగొస్తా ఉన్నారు.

పెన్నా గట్టు

"ఇదెవర్రా" అన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను. అమ్మ కూడా అట్టాగే అంటే నాకింక ఫొటో తియ్యబుద్ధి కాదు.

అల తమ్ముడూ, నడినెత్తి ఎండలో మనిషిని తీస్తే కళ్ల కింద నల్లగా నీడలు పడతాయి కదా? నీళ్లకి మంచిది, మొహానికి చెడ్డది. దీనికేంది దారి?

కొత్తపట్నం కెరటం

దానికి నేను చెప్తాను అక్కా, మేం రోజూ పడే బాధే. మనిషిని ఎండలో కాకుండా చెట్టు నీడ అంచున నిలబెట్టండి. అండమాన్‌లో చెట్లు ఇసక దాకా వచ్చేసి ఉంటాయి. ముందు తెల్ల ఇసక పరుచుకుని ఉంటది, అదే కింద నుంచి మొహం మీదికి వెలుతురు కొడతది. మేం రెండు వేలు పెట్టి కొన్న రిఫ్లెక్టర్ చేసే పనే అది. చీర లేత రంగుదైతే ఇంకా మంచిది.

తెల్ల ఇసకతో ఒక తిరకాసు ఉంది. కెమెరా లోకమంతా నడిమి బూడిదరంగు అనుకుని లెక్కగడుతుంది. తెల్లటిది ఎక్కువుంటే భయపడి తగ్గించేస్తది, ఇసక మబ్బురంగులోకి పోద్ది, మనిషి నల్లబడతాడు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకి మించి వెలుతురు పెంచే అమరిక) ప్లస్ మూడింట రెండొంతుల (+2/3) నుంచి ప్లస్ ఒకటి దాకా పెట్టండి. నేర్చుకోవాలంటే అండమాన్ పోనక్కర్లేదు. చినగంజాం ఉప్పు కొఠార్ల దగ్గర కుప్పల ముందు ఎవరినైనా నిలబెట్టి తీయండి, సంగతి ఐదు నిమిషాల్లో అర్థమవుద్ది. నేను నేర్చుకుంది అక్కడే.

గూడూరు మామయ్య

అమ్మా, నేను ఫిల్ము రోజుల నుంచీ ఉన్నవాణ్ణి. స్టూడియో మూసి పదకొండేళ్లయింది, చెయ్యి ఊరుకోక ఇంకా తీస్తానే ఉంటాను. అందరూ లెన్సుల గురించే చెప్తున్నారు. సముద్రానికి పోయేవాడికి లెన్సు కంటే ముందు కావల్సింది పోలరైజర్, అంటే లెన్సు ముందు బిగించి తిప్పుకునే ఫిల్టర్.

నీళ్ల మీద ఆకాశం మెరుస్తా ఉంటే ఆ మెరుపు కింద ఉన్న రంగు మనకి కనపడదు. పోలరైజర్ తిప్పితే ఆ మెరుపు పోద్ది. కంటి ముందే నీళ్లు తలుపు తీసినట్టు తెరుచుకుంటాయి, అడుగున రాళ్లు కనపడతాయి. కంప్యూటర్లో ఎన్ని తిప్పలు పడ్డా తర్వాత రాబట్టలేని పని ఇదొక్కటి. నీటి పైనుంచి ముప్పై ఏడు డిగ్రీల వాలులో కిందికి చూస్తే బాగా పనిచేస్తుంది. అంటే పడవ అంచునుంచో, చిన్న గట్టు మీద నుంచో చూసినట్టు. మరీ నిటారుగా కిందికి చూసినా, దూరంగా నీళ్లు ఆకాశాన్ని కలిసే చోటికి చూసినా అంత పని చెయ్యదు.

ఆకాశానికి వేరే లెక్క. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి బొటనవేలు చాచు. చూపుడువేలు కదల్చకుండా మణికట్టు తిప్పితే బొటనవేలు చూపించే చోటల్లా ఆకాశం బాగా ముదురుతుంది. అందుకే 10-18కి పోలరైజర్ వద్దంటాను. అంత వెడల్పులో ఆకాశం ఒకచోట ముదురు, ఒకచోట లేత పడి మరకలాగా కనపడుతుంది. సూర్యాస్తమయం వైపు తీసేటప్పుడు తీసెయ్యి. వెలుతురు ఒకటిన్నర రెండు స్టాపులు (ఒక స్టాపంటే వెలుతురు సగమవడం) తినేస్తుంది గనక చీకటి పడ్డాకా వద్దు.

ఇప్పుడు డబ్బు సంగతి. నీ 18-55కి ముందు ఫిల్టర్ బిగించే చోట కొలత 58 ఎమ్ఎమ్. నీ 55-250 ఎస్‌టీఎమ్‌కి కూడా 58. రెంటికీ ఒకటే సరిపోతుంది. పాన్‌కేక్‌కి 52. అంటే 52 నుంచి 58కి స్టెప్-అప్ రింగ్ ఒకటి కొంటే అదే ఫిల్టర్ మూడింటికీ వస్తుంది. 10-18కి మాత్రం 67, దానికి మళ్లీ వేరే ఖర్చు. ఫిల్టర్ దగ్గర పిసినారితనం చెయ్యొద్దు. చవక అద్దం పెడితే ఖరీదైన లెన్సు కూడా చవక లెన్సే అయిపోతుంది. ఇంకోటి, నీవి రెండూ ఎస్‌టీఎమ్ కాబట్టి ఫోకస్ చేసేటప్పుడు ముందు అద్దం తిరగదు. పాత 18-55లకి తిరిగేది, పోలరైజర్ సరిచేసుకున్నాక ఫోకస్ చేస్తే మళ్లీ మొదటికొచ్చేది.

కావలి కుర్రోడు

పెద్దోళ్లందరూ తిట్టొద్దు. నాకు కెమెరా లేదు. ఎండ అంత ఉన్నప్పుడు ఫోను చాలదా? తుమ్మలపెంట బీచ్‌లో నా ఫోనుతో తీసినవి కెమెరాతో తీసినట్టే ఉండాయి.

గూడూరు మామయ్య

ఎందుకు తిడతాం అబ్బయ్యా. మంచి ఎండలో ఫోను చక్కగా తీస్తుంది. చిన్నగా చూసుకునేదానికి తేడా తెలియదు. పోలరైజర్ క్లిప్పుతో ఫోనుకి కూడా పెట్టుకోవచ్చు. సాయంత్రం ఐదున్నరకి, దూరంలో, కదిలేవాటి దగ్గర తేడా వస్తుంది. గోడకి పెట్టుకునే సైజులో ప్రింటు వేయిస్తే ఇంకా తెలుస్తుంది.

మైపాడు అల

నీళ్లలోకి దిగితే ఫోనూ కెమెరా రెండూ పక్కన పెట్టాల్సిందే తమ్ముడూ. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చేసేటప్పుడు యాక్షన్ కెమెరా అయితే డబ్బా లేకపోయినా గోప్రో కొత్తవి పది మీటర్ల దాకా తట్టుకుంటాయి. అక్కడ లోతు అంత ఉండదు. నీళ్లలో ముందు పోయేది ఎరుపు రంగు, ఐదు మీటర్లకే చాలా వరకు పోద్ది. నాలుగడుగుల లోతులో ఎండ ఉన్నప్పుడు తీసినవే నాకు రంగులతో వచ్చాయి. ప్లాస్టిక్ పౌచ్‌లో పెట్టి ఫోను ముంచినవాళ్లని ఇద్దర్ని చూశాను. ఒకరిది బతికింది.

స్పీడ్ బోట్ గురించి కూడా చెప్పాలి. హావ్‌లాక్ జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కి ఇరవై నిమిషాలు. ముందు సీట్లో కూర్చున్నాను, బాగా కనపడుద్దని. మొదటి అలకే ఒళ్లంతా ఉప్పునీళ్లు. కెమెరా ఒళ్లో ఉంది. అందుకని వెనక కూర్చో, బోటు కదిలే ముందే కెమెరా జిప్ కవర్లో పెట్టి బ్యాగులో వేసెయ్. నీళ్లు పడితే గట్టిగా రుద్దొద్దు. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్ది, తర్వాత పొడిగుడ్డతో తుడువు. ఉప్పు ఎండితే గీతలు పడతాయి. లెన్సు అద్దం మీద ఇసక ఉంటే ముందు బ్లోయర్‌తో ఊదాలి, ఆ తర్వాతే గుడ్డ. నోటితో ఊదితే తేమ పోయి అతుక్కుంటది.

నేలపట్టు కొంగ

ఆలస్యంగా వచ్చాను. అందరూ కలిసి 55-250ని ఇంట్లో పెట్టించేలా ఉన్నారే! అది చెయ్యొద్దు టీచరు గారూ.

నేను పిట్టల ఫొటోల కోసం నేలపట్టు, పులికాట్ తిరిగే మనిషిని, నాకు 400 కూడా పొట్టిదే అనిపిస్తుంది. ఆ లెక్కన అండమాన్ అడవి పిట్టలకి మీ 250 చాలదు, అబద్ధం చెప్పను. చెట్ల కింద చీకటి, ఎఫ్/5.6తో షట్టర్ లేవదు. పిట్టల కోసం తీసుకుపోమని చెప్పడం లేదు. రాస్ ద్వీపంలో చుక్కల జింకలు, నెమళ్లు మనుషుల మధ్యనే తిరుగుతాయి. కూలిపోయిన బ్రిటిషు వాళ్ల కట్టడాలని మర్రి ఊడలు పట్టుకుని ఉంటాయి. ఆ వేళ్ల మధ్య నుంచి జింక తల బయటికి పెట్టినప్పుడు మీ 250 మన బాడీ మీద 400 లెక్క. ఆ లెన్సు బరువు 375 గ్రాములే, దాన్ని వదిలేస్తే మిగిలేది ఏముంది?

అసలు కారణం వేరే. పెద్దవాళ్లు కెమెరా చూడగానే బిగుసుకుపోతారు. మా అవ్వ అయితే చేతులు రెండూ పక్కన పెట్టి బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు నిలబడేది. దూరం నుంచి తీస్తే వాళ్ల పాటికి వాళ్లుంటారు. ఇంకొకటి కూడా చెప్పాలి, సూర్యుడు పైన ఉండగా ఆ లెన్సుతో వ్యూ ఫైండర్‌లో నుంచి సూర్యుణ్ణి చూడొద్దు, కన్ను పోతుంది. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు చెప్పండి.

పెన్నా గట్టు

ఒక్కొక్కరికీ పేరుపేరునా దండం. మామయ్యా, ఆ 52, 58 లెక్క చూసి మా ఆయన కూడా ఒప్పుకున్నాడు. 10-18 మానేశాను. 24 పాన్‌కేక్, 58 పోలరైజర్, స్టెప్-అప్ రింగ్ ఆర్డర్ పెట్టాను. కోట గారూ, జైలుకి 18తోనే సర్దుకుంటాను, ఏమనుకోవద్దు.

ఇంకో రెండు అనుమానాలు ఉండాయి. ఏసీ గదిలో నుంచి బయటికొస్తే లెన్సు మీద ఆవిరి పట్టుద్దని విన్నాను, నిజమేనా? రాత్రి హావ్‌లాక్‌లో నీళ్లు వెలుగుతాయంటారు, పిల్లలు అదే జపం చేస్తున్నారు. అది తియ్యొచ్చా?

కొత్తపట్నం కెరటం

ఆవిరి నిజం. మన దగ్గర కూడా ఏసీ కారు దిగి బీచ్‌లో కెమెరా తీస్తే అంతే. రాత్రి గదిలో జిప్ కవర్లో పెట్టి మూసెయ్యండి. పొద్దున బయటికి తెచ్చాక కవరు విప్పకుండా అరగంట ఉంచండి. తేమ కవరు మీద పడుద్ది, లెన్సు మీద పడదు. సూర్యోదయానికి పోవాలంటే ఆ అరగంట ముందే లేవాలి. కవర్లో సిలికా జెల్ వెయ్యండి. బియ్యంలో పెట్టమంటారు కొందరు, వద్దు, ఆ పొడి లెన్సు సందుల్లోకి పోద్ది. తిరిగొచ్చాక వెంటనే బీరువాలో పెట్టెయ్యకండి. మీకు అద్దె లెన్సులో కనపడ్డ బూజు అట్టాగే పట్టుద్ది. బయట బాగా ఆరాకే పెట్టాలి.

మైపాడు అల

నీళ్ల వెలుగు అమావాస్య దగ్గర్లో బాగుంటది. నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే మెరుస్తాయి. వెన్నెల ఉంటే కనపడదు, మీ తేదీలకి చంద్రుడు ఎక్కడుంటాడో చూసుకో. పాన్‌కేక్ ఎఫ్/2.8 అక్కడ పనికొస్తది. ట్రైపాడ్, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే లెక్క) 3200, పదిహేను ఇరవై సెకన్లు. నక్షత్రాలు కూడా చుక్కల్లాగే రావాలంటే 500ని ఆ పాన్‌కేక్ ఫుల్ ఫ్రేమ్ లెక్క 38తో భాగించు, పదమూడు సెకన్లు దాటొద్దు. పాలపుంత మధ్యభాగం మాత్రం జనవరి రాత్రుల్లో దొరకదు, దానికి ఎండాకాలం రావాలి.

నేలపట్టు కొంగ

ఇది లెన్సు మాట కాదు గానీ చెప్పకుండా ఉండలేను. బారాటాంగ్ దీవి దారిలో పోతే జారవా ఆదివాసుల అడవి గుండా పోతారు. కెమెరా బ్యాగులోనే ఉండాలి. వాళ్లని ఫొటో తియ్యడం నేరం, 1956 నాటి రక్షణ చట్టం ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, వాళ్లు మనం చూడ్డానికి పెట్టిన బొమ్మలు కారు. పగడపు ముక్క, గవ్వ ఏదీ సంచిలో వేసుకోవద్దు, పిల్లలకి ముందే చెప్పండి.

పెన్నా గట్టు

బారాటాంగ్ మా ప్లానులో లేదు. పిల్లలకి గవ్వల సంగతి చెప్పాను, చిన్నోడు మొహం ముడుచుకున్నాడు.

పోయిన ఆదివారం పాన్‌కేక్, పోలరైజర్ తీసుకుని అమ్మతో మైపాడు పోయాం, ముందుగా చెయ్యి అలవాటవ్వాలని. నీళ్లు అవే మట్టినీళ్లు, పోలరైజర్ తిప్పినా మట్టినీళ్లే. కానీ ఒడ్డున నిలబెట్టిన పడవ మీద తడి మెరుపు పోయి, నీలం పెయింటు, దాని మీద రాసిన అక్షరాలు స్పష్టంగా వచ్చాయి. మామయ్య చెప్పింది అప్పుడు అర్థమైంది. 24తో అమ్మని నాలుగడుగుల దూరం నుంచి తీస్తే మొహం మొహంలాగే ఉంది, వెనక పడవలూ ఉండాయి. కానీ కొంగ గారు చెప్పినట్టే చేతులు పక్కన పెట్టుకుని నిలబడింది! 55-250 కూడా సర్దేశాను.

చివరగా సంచిలో ఉన్నవి: బాడీ, 18-55, 24, 55-250, పోలరైజర్, రింగ్, బ్లోయర్, జిప్ కవర్లు, రెండు కార్డులు, ఒక అదనపు బ్యాటరీ. బ్యాటరీ చేతి సంచిలోనే పెట్టాను, లగేజీలో వెయ్యకూడదంట. ట్రైపాడ్ చెకిన్ బ్యాగులో.

పెన్నా గట్టు (పదహారు రోజుల తర్వాత)

వచ్చేశాం. కుదురుకోవడానికి రెండు రోజులు పట్టింది. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

ఎక్కువ భాగం 24తోనే తీశాను. పోర్ట్ బ్లెయిర్‌లో జైలుకి 18-55 పెట్టాను. కోట గారూ, మీరన్నది నిజం, గదిలో గోడకి వీపు ఆనించినా కిటికీ రాలేదు. నిలువుగా రెండు ఫొటోలు తీసి కలిపాను, పనికొచ్చింది గానీ 10 అయితే ఒక్కదాంట్లో వచ్చేది. రాస్‌లో జింకలకి 55-250 వాడాను. చిన్నోడు తీసిన జింక ఫొటో నాదానికంటే బాగుంది.

నీల్‌లో భరత్‌పూర్ బీచ్‌కి పదిన్నరకి పోయాం. అల తమ్ముడు చెప్పినట్టే ఆ రంగు నమ్మబుద్ధి కాలేదు. అమ్మ చెప్పులు విడిచి నీళ్ల అంచున నిలబడి ఏమీ మాట్లాడలేదు. కెరటం అన్న చెప్పినట్టు చెట్టు నీడ అంచున నిలబెట్టి, పోలరైజర్ తిప్పి, ప్లస్ మూడింట రెండొంతులు పెట్టి 24తో తీశాను. నేను నెలరోజులుగా కోరుకున్న ఫొటో అదే. నీళ్లు వచ్చాయి, ఇసక తెల్లగా వచ్చింది, మొహం మీద నీడ లేదు. అమ్మ చేతులు పక్కన పెట్టుకుంది.

మర్నాటి సంగతి ఇది. ఆ రోజు పొద్దున మబ్బు. పిల్లలు టిఫిను దగ్గర ఆలస్యం చేస్తుంటే అమ్మ ముందే బీచ్‌కి పోయింది. ముందురోజు సాయంత్రం లెన్సు మార్చడం మర్చిపోయాను, బాడీకి 55-250యే ఉండిపోయింది. చెట్ల కింద నుంచి చూస్తే అమ్మ దూరంగా మోకాళ్ల దాకా నీళ్లలో ఉంది. కుచ్చిళ్లు ఎడం చేత్తో ఎత్తి పట్టుకుంది. వంగి కుడి అరచేతిలోకి నీళ్లు తీసుకుని, మొహం దగ్గరికి తెచ్చుకుని చూస్తా ఉంది. అరచేతిలో నీళ్లకి రంగు లేదు కదా, మళ్లీ వదిలేసి మళ్లీ తీసుకుంటా ఉంది. 135 దగ్గర, ఎఫ్/5.6, ఆరు తీశాను. మూడోదాంట్లో వేళ్ల సందుల్లోంచి కారే నీళ్ల చుక్కలు విడివిడిగా కనపడతాయి. గాజులు మోచేతి దాకా జారి ఉండాయి. మొహం సగమే కనపడుద్ది, ఆ సగంలో నవ్వు ఉంది.

కొంగ గారూ, ఆ లెన్సుని ఇంట్లో పెట్టనివ్వనందుకు మీకు ఎట్టా చెప్పాలో తెలియడం లేదు.

నీళ్ల వెలుగు మాకు దొరకలేదు, వెన్నెల ఉంది. స్పీడ్ బోట్లో వెనక కూర్చున్నాం, కెమెరా తడవలేదు. పోలరైజర్ ఒకసారి రింగుకి బిగుసుకుపోయింది, రబ్బరు బ్యాండ్ చుట్టి తిప్పితే వచ్చింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

నేలపట్టు కొంగ

చదివి మా ఇంట్లో వాళ్లకి కూడా వినిపించాను. ఇంక నాకేం చెప్పొద్దు టీచరు గారూ, ఆ ఫొటో ఒకటి పంపండి చాలు.

కావలి కుర్రోడు

అక్కా, మబ్బున్నప్పుడు షట్టర్ ఎంత పెట్టావు, చుక్కలు విడిగా రావడానికి?

పెన్నా గట్టు

1/1000 తమ్ముడూ, ఐఎస్ఓ 800. కొంచెం గరుకు వచ్చింది, నాకు అడ్డం అనిపించలేదు. మామయ్యా, అమ్మ ఇప్పుడు దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టమంటా ఉంది. 12 బై 18 వేయిద్దామనుకుంటున్నా. గ్లాసీనా, మ్యాటా?

గూడూరు మామయ్య

24 మెగాపిక్సెళ్ల ఫైలు, ఆ సైజుకి ఢోకా లేదు. హాల్లో కిటికీ ఎదురుగా పెడతారా? అట్టయితే మ్యాట్ వేయించమ్మా. గ్లాసీ మీద పగలంతా కిటికీయే కనపడుతుంది, మీ అమ్మ కనపడదు.